పంచఫలకం పగలదు

మా రవాణా సంస్థ బస్సుల్లో మీటర్లు పనిచేయవని జనం చెప్పుకుంటారు. అది అన్యాయం. నేను చూసిన ఒక బస్సులో వేగం ముల్లు ఎప్పుడూ నలభై దగ్గరే ఉండేది. బస్సు ఘాటీ ఎక్కుతున్నా నలభయ్యే, షెడ్డులో నిలబడి ఉన్నా నలభయ్యే. దాని పని అది నిష్ఠగా చేస్తోంది. బస్సే దాని మాట వినడం లేదు.

ఈ స్థితిలో మా పెద్ద ఇంజనీరు విఠలేశ్వరరావు గారు ఒక ఆదివారం వాళ్ల వియ్యంకుడి కొత్త కారెక్కారు. ఆ కారులో స్టీరింగు ముందు ముళ్లూ లేవు, మీటర్లూ లేవు. ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా నల్లటి అద్దం, అందులో అంకెలు, రంగులు. వియ్యంకుడు ఆ అద్దాన్ని వేలితో తాకి చూపించాడట. మా సారు అది మర్చిపోలేకపోయారు. సోమవారం పదింటికల్లా నన్ను పిలిపించారు.

"శేషావతారం, మన బస్సుకేం తక్కువయ్యా?" అన్నారు.

ఏం తక్కువో చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే, "అద్దం!" అని ఆయనే చెప్పేశారు.

నేను ఆ సంస్థలో రూపకల్పన విభాగం. విభాగంలో పనిచేసేవాణ్ణని కాదు, విభాగమంతా నేనే. ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. పద్దెనిమిదేళ్లుగా సీటు కింద మేకుల కొలతలు గీసి గీసి విసిగి ఉన్నాను. అందుకే ఆ అద్దం మీద పడ్డాను. ఎనిమిది నెలలు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాను. మన రోడ్ల మీద ఒకే పెద్ద అద్దం పెడితే ఒక్క గుంతకు మొత్తం పోతుంది. కాబట్టి వేరువేరు ఫలకాలుగా చేసి, ఒకే చట్రంలో బిగించాలి. ఒకటి పోయినా మిగతావి పనిచేయాలి, పోయినదాన్ని మాత్రమే మార్చుకోవాలి. బస్సు మెలి తిరిగినా ఆ మెలి అద్దానికి తగలకుండా చుట్టూ రబ్బరు పరుపు వేశాను. ఫలకానికీ ఫలకానికీ మధ్య సన్నటి సందు వదిలాను. కాల్చి గట్టిపరచిన అద్దం తెప్పించాను. ఆ అద్దం సంగతి ఒకటి మీకు ఇప్పుడే చెప్పేస్తాను. దాని ముఖం మీద సుత్తితో కొట్టినా ఏమీ కాదు. అంచు మీద సన్నటి మొన ఒక్కటి తగిలితే చాలు, మొత్తం సగ్గుబియ్యంలా రాలిపోతుంది. ఈ ముక్క నా నివేదిక అరవై మూడో పేజీలో రాశాను. అరవై మూడో పేజీ దాకా చదివినవాడు మా సంస్థలో ఇప్పటిదాకా పుట్టలేదు.

రూపకల్పన ఆమోద సమావేశంలో, "మూడు ఫలకాలు చాలు సార్. వేగం ఒకటి, గాలి ఒత్తిడీ ఇంజను వేడీ ఒకటి, డీజిలు ఒకటి," అన్నాను.

"మా వియ్యంకుడి కారు అద్దంలోనే మూడు భాగాలున్నాయయ్యా," అన్నారు విఠలేశ్వరరావు గారు. "మనది సంస్థ. ప్రజల సంస్థ."

వెంటనే ట్రాఫిక్ విభాగం వాళ్లు లేచి టైముటేబులుకు నాలుగోది కావాలన్నారు. ప్రజాసంబంధాల విభాగం వాళ్లు ఊరుకుంటారా? ఐదోది స్వాగత ఫలకం. అందులో సంస్థ చిహ్నం, రెండు చేతులతో నమస్కారం, 'విచ్చేసినందుకు ధన్యవాదములు' అన్న అక్షరాలు. ఆ ఫలకం కనిపించేది డ్రైవరు ఒక్కడికే. ఉద్యోగానికి విచ్చేసినందుకు అతనికి రోజంతా ధన్యవాదాలన్నమాట. పోనీలే, ఎవరో ఒకరు చెప్పాలి కదా అనుకున్నాను.

"మరొక ముఖ్య విషయం," అన్నారు సారు కళ్లజోడు సర్దుకుంటూ. "ఈ ఐదింటిలో ఏ ఒక్కటి వెలగకపోయినా ఇంజను స్టార్టు కాకుండా ఏర్పాటు చేయవలసి ఉంటుంది. భద్రత విషయంలో రాజీపడే ప్రసక్తి ఉత్పన్నం కాదు."

"స్వాగతం వెలగకపోయినా కూడానా సార్?"

"ముఖ్యంగా స్వాగతం."

ఒకటి పోయినా మిగతావి పనిచేయాలని కదా నేను ఎనిమిది నెలలు కష్టపడ్డది? అయినా తలూపాను. తలూపడంలో నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది.

పరీక్ష రోజున విఠలేశ్వరరావు గారు స్వయంగా సుత్తి పట్టుకుని పత్రికలవాళ్ల ముందు అద్దం మీద మూడు దెబ్బలు వేశారు. అద్దం చెక్కుచెదరలేదు. నాలుగో దెబ్బకు సుత్తి తల ఊడి ఫొటోగ్రాఫరు పక్కనుంచి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడికక్కడే నా చేత ధ్రువపత్రం రాయించారు. 'ఈ పంచఫలకం సాధారణ పరిస్థితులలో పగలదు' అని రాశాను. సారు 'సాధారణ' కొట్టేసి 'ఎట్టి' అని దిద్దారు. ఎట్టి పరిస్థితులలో పగలదు. నేను సంతకం పెట్టాను. నా మొహం పేపర్లో పడుతుందని ఆ పూట నాకు లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను.

మొదటి పంచఫలకాన్ని అన్నిటికంటే అధ్వాన్నమైన రోడ్డు మీద నడిపి చూడాలని తీర్మానం. ఆ గౌరవం రేగులపేట డిపో నుంచి బొద్దాంవలస వెళ్లే బస్సుకు దక్కింది. బొద్దాంవలస కొండ అంచున ఉంటుంది. పట్టుకెళ్లడానికి చిక్కుళ్లు, వంకాయలు, తెచ్చుకోవడానికి మందులు, అంతే వాళ్ల వ్యాపారం. పదకొండేళ్లు అర్జీలు పెట్టుకుంటే వాళ్లకు రోజుకు రెండు ట్రిప్పుల బస్సొచ్చింది. ఆ అర్జీలన్నిటి మీదా మొదటి వేలిముద్ర దాలమ్మది. అరవై ఏళ్ల మనిషి. రోజూ పొద్దున్నే కూరల బుట్టతో బస్సెక్కి రైతుబజారుకు వస్తుంది.

ఆ బస్సు డ్రైవరు అప్పలసూరి. మంచి డ్రైవరు, భక్తిపరుడు. బండి తీసే ముందు రెండు అగరొత్తులు వెలిగించనిదే స్టీరింగు ముట్టుకోడు. పాత బస్సులో స్టీరింగు ముందు రేకుకు చిల్లులుండేవి, అందులో గుచ్చుకునేవాడు. కొత్త బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు నున్నటి అద్దం. మన డ్రైవరు పొద్దున్నే అగరొత్తి ఎక్కడ గుచ్చుకుంటాడన్నది ఎనిమిది నెలల్లో నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఈ దేశంలో పుట్టి, ఈ బస్సుల్లో తిరిగి, ఇంత మొద్దునెలా అయ్యానో! అప్పలసూరి వెతికి వెతికి, నాలుగో ఫలకానికీ ఐదో ఫలకానికీ మధ్య నేను వదిలిన సందు కనిపెట్టాడు. అందులో మేకులాంటి మొన ఉన్న ఇత్తడి అగరొత్తుల స్టాండు గుచ్చాడు.

ఇరవై రోజులు పరిమళంగా గడిచాయి. ఇరవై ఒకటో రోజు కల్వర్టు దగ్గర బస్సు ఎగిరిపడింది. ఇత్తడి మొన ఐదో ఫలకం అంచుకు తగిలింది. స్వాగతం మొత్తం అప్పలసూరి ఒళ్లో పడింది. బస్సు ఎలాగో డిపో చేరింది. అక్కడ ఇంజను ఆపాడు. మళ్లీ స్టార్టు కాలేదు.

కబురు అందుకుని నేను రేగులపేట వెళ్లేసరికి బస్సు షెడ్డులో ఉంది. దాని నీడలో బుట్ట పక్కన పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది.

"అద్దాల ఇంజినీరువి నువ్వేనా బాబూ?" అంది.

"అవునమ్మా."

"నాను దాలమ్మని. బొద్దాంవలస. ఐదద్దాల్లో నాలుగు బాగున్నాయంట గదా? నాకు సూడు, నాలుగు పళ్లే ఉన్నాయి. అన్నం తింతన్నాను గదా! ఒక్క అద్దం పోనాదని బస్సెందుకు కదల్దు బాబూ?"

"భద్రత కోసమమ్మా."

"ఎవులికి?"

నేను తలుపు తీసుకుని బస్సులోకి ఎక్కాను. అప్పలసూరి ఎదురొచ్చాడు.

"సార్, ముల్లు కదలని బళ్లు నడిపినాను ఇరవై ఏళ్లు. చెవితో నడిపినాను. ఆ నమస్కారం నేకపోతే నాకేటి సార్? ఒక తీగముక్క కలిపీండి, ఎల్లిపోతాను."

"కుదరదయ్యా. కొత్త ఫలకం తెస్తాను, రెండు రోజులు ఓపిక పట్టు," అన్నాను. ఆ తీగముక్క ఎక్కడ కలపాలో నాకు తెలుసు. నేను పెట్టిన తాళమే కదా. కానీ అది కలిపితే నా ఉద్యోగం పోతుందని కూడా తెలుసు.

ఇంకో బస్సు వేయమంటే డిపో మేనేజరు చేతులెత్తేశాడు. ఇది ప్రయోగాత్మక రూటు, పంచఫలకం లేని బస్సు ఆ రూటులో తిరగరాదని ఉత్తర్వు. పైగా ఆయన గోడ మీది పాత సర్క్యులర్ కూడా చూపించాడు. వరుసగా తొంభై రోజులు నడవని సర్వీసును ప్రజలకు అవసరం లేనిదిగా పరిగణించి శాశ్వతంగా రద్దు చేయాలట. దాలమ్మ గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. "తొంబైయా," అని మాత్రం అంది. ఆ రోజు నుంచి వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది.

ప్రాంతీయ స్టోర్సులో పన్నెండు కొత్త పంచఫలకాలు ఎండుగడ్డిలో భద్రంగా పడుకుని ఉన్నాయి. నేను నా కళ్లతో చూశాను. వాటి ముందు సూపర్నెంటు దక్షిణామూర్తి గారు నిలబడి ఉన్నారు. పగిలిన ముక్కలు పొట్లం కట్టి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇది ఒక ఫలకమే కదండీ," అన్నారు ఆయన.

"ఒకటే పగిలింది మరి."

"సామాను పట్టికలో ఒకటి లేదు. పంచఫలకం, సెట్టు, ఐదు. పనికిరాని సెట్టును అప్పగించినపుడే పనికొచ్చే సెట్టు ఇవ్వబడును. నలభై ఏడు బి."

"మిగతా నాలుగూ బాగున్నాయి కదండీ?"

"అదే మీ ఇబ్బంది," అన్నారు దక్షిణామూర్తి గారు జాలిగా. "అవి బాగుండకూడదు. విరిగినవే పుచ్చుకుంటాను. బాగున్నవి పుచ్చుకుంటే బాగున్న సామాను మీరెందుకు మార్చారని ఆడిటువాళ్లు నన్ను అడుగుతారు. వెళ్లి నాలుగూ పగలగొట్టుకురండి. ఐదు నిమిషాల పని."

చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. నేను తయారుచేసింది పగలదు.

అయినా ప్రయత్నించాం. డిపో మెకానిక్కులు నాలుగు ఫలకాలూ విప్పి నేల మీద పరిచారు. సుత్తితో కొట్టారు, సమ్మెటతో కొట్టారు. షెడ్డు కప్పు మీద నుంచి పడేశారు. నాలుగూ ఎగిరి, దొర్లి, మళ్లీ మెరుస్తూ పడుకున్నాయి. బస్సు వెనక చక్రం ఎక్కించారు, చక్రం జారింది. పంచాయతీవాళ్ల రోడ్డు రోలరు అడిగి తెచ్చారు. ఫలకాలు తారులో దిగబడ్డాయి. వాటిని గడ్డపారలతో తవ్వి తీయాల్సి వచ్చింది. ఒక్క గీత లేదు. మెకానిక్కులు నా వంక చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

మీరిక్కడ ఒక మాట అడగాలి. అంచు సంగతి తెలిసినవాడివి, చెప్పొచ్చు కదా అని. చెప్పలేదు. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. ఒక్కో దెబ్బకు అద్దం పగలనప్పుడల్లా నాకు లోలోపల గర్వంగానే ఉంది. పైగా ఎట్టి పరిస్థితులలో పగలదని సంతకం పెట్టినవాణ్ణి. దాలమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, దెబ్బ పడ్డప్పుడల్లా ఆశగా లేచి చూసేది. పగల్లేదని మళ్లీ కూర్చునేది.

విషయం హెడ్డాఫీసుకు చేరింది. విఠలేశ్వరరావు గారి అధ్యక్షతన 'ఫలక భంగ సాధన సమితి' ఏర్పడింది. మొదటి సమావేశంలో పగలడమంటే ఏమిటో నిర్వచించడానికి ఒక ఉపసమితిని వేశారు. రెండో సమావేశంలో ఆ ఉపసమితి గడువు పొడిగించారు. ఆరుగురు సభ్యులు రాతి క్వారీలు చూసి రావడానికి పది రోజుల పర్యటన చేశారు. ఏనుగుతో తొక్కిస్తే ఎలా ఉంటుందని ఒకరు సూచించారు. అటవీశాఖకు లేఖ రాస్తే, ఏనుగు కాలికి గాయమైతే బాధ్యత ఎవరిదని అటవీశాఖ తిరుగు లేఖ రాసింది. దాని మీద న్యాయసలహా కోరారు. బస్సు అద్దం తయారుచేసే విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణి, బస్సు అద్దం పగలగొట్టే విభాగంలో పద్నాలుగు మంది, ఒక వాహనం.

"అవతారం, ఇది సంస్థ చరిత్రలో ఒక అపూర్వ ఘట్టం," అన్నారు సారు ఒకరోజు నన్ను కౌగిలించుకున్నంత పనిచేసి. "మనం తయారుచేసిన వస్తువును మనమే పగలగొట్టలేకపోతున్నాం. నాణ్యతకు ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?"

"బస్సు డెబ్బై తొమ్మిది రోజులుగా నిలబడి ఉంది సార్."

"నిలబడి ఉండనీవయ్యా. అద్దం కూడా నిలబడి ఉంది కదా!"

నేను మళ్లీ రేగులపేట వెళ్లాను. దాలమ్మ గేటు దగ్గరే కనిపించింది. తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చింది. చిక్కుళ్లు వాడిపోయి ఉన్నాయి. పాదం ఒకటి గుడ్డతో కట్టుకుని ఉంది.

"ఎనబై బాబూ," అంది. "ఇంకో పది. మళ్లీ అర్జీలెట్టాలంటే పదకొండేళ్లు నానుండను గదా! ఏదోటి సెయ్యి నాయనా, నీ అద్దమే గదా!"

నీ అద్దమే గదా అన్న ముక్క నాకు గుచ్చుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. పేపర్లో మొహం పడ్డందుకు ఈవిడ కాళ్లు ఇలా కావాలా? అప్పలసూరిని పిలిచి ఆ ఇత్తడి స్టాండు అడిగి తీసుకున్నాను. మెకానిక్కులు చుట్టూ చేరారు. ఫలకాన్ని నిలబెట్టి, మొన అంచుకు ఆనించి, బొటనవేలితో ఒక్క తట్టు తట్టాను. టప్పుమని రాలిపోయింది. రెండోది, మూడోది, నాలుగోది. మొత్తం రెండు నిమిషాలు.

"ఓరి నాయనో," అన్నాడు అప్పలసూరి. "ఇన్నాళ్లూ తెలుసేటి సార్ మీకు?"

నేను ఒక సంచి వెతికి తెచ్చాను. దాలమ్మ ముక్కల్ని చీపురుతో సంచిలోకి ఎత్తి ఇచ్చింది.

సంచి పట్టుకుని నేరుగా స్టోర్సుకు పరుగెత్తాను. దక్షిణామూర్తి గారు తూచారు, రసీదు రాశారు, సంతకం పెట్టారు. పన్నెండు సెట్లలో ఒకదాని మీద చెయ్యి కూడా వేశారు. అప్పుడు హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆయన చెయ్యి తీసేశారు.

"పంచఫలకం ఐదూ పగిలినట్టుగా డిపో నుంచి ఇప్పుడే తెలిసిందట," అన్నారు. "కాబట్టి ధ్రువపత్రం రద్దయింది. ధ్రువపత్రం లేని సామాను స్టోర్సు దాటి పోరాదు. అరవై రెండు ఏ."

"పగలకపోతే కొత్తది ఇవ్వనన్నారు కదండీ!"

"పగిలితే ఇవ్వడానికి వీల్లేదంటున్నాను. రెండూ నియమాలే, ఒకదానికొకటి అడ్డమేమీ రావు."

మర్నాడే నాకు మెమో వచ్చింది. అభియోగం ఒకటి: పగలని అద్దమును పగలగొట్టినందుకు. అభియోగం రెండు: పగిలే అద్దమును పగలదని ధ్రువీకరించినందుకు. ఏడు రోజుల్లో రెంటికీ వేరువేరుగా సంజాయిషీ ఇవ్వాలి. భంగ సాధన సమితి లక్ష్యం నెరవేరింది కాబట్టి రద్దవుతుందేమో అనుకున్నాను. దాని పేరు 'భంగ నివారణ సమితి' అని మార్చారు. సభ్యులు వాళ్లే, వాహనమూ అదే.

ఎనభై ఏడో రోజున నాకు కోపం తలకెక్కింది. పద్దెనిమిదేళ్లు వాళ్ల భాష విన్నాను, రాయలేకపోతానా? కూర్చుని ఒక ప్రతిపాదన రాశాను. 'ఫలకము భంగమగుటకు కారణము ఫలకము యొక్క బలహీనతయా లేక రహదారి యొక్క కాఠిన్యమా అను అంశమును నిర్ధారించు నిమిత్తము, ఫలకరహిత వాహనమును అదే రహదారిపై ప్రతిదినము రెండు పర్యాయములు నడిపి, పగులుటకు ఏమియు లేని స్థితిలో ఏమి పగులునో పరిశీలించవలసియున్నది.'

విఠలేశ్వరరావు గారు రెండుసార్లు చదివారు. ఆయన కళ్లు మెరిశాయి.

"ఇదయ్యా శాస్త్రీయ దృక్పథమంటే! మంజూరు. ఇంజను తాళం తాత్కాలికంగా తీసేయి. కానీ ఒక షరతు. ఇది పరీక్షా వాహనం. ప్రాణులను ఎక్కించరాదు. భద్రత విషయంలో..."

"రాజీ లేదు సార్. కానీ ఖాళీ బస్సు..."

"ఖాళీగా ఎందుకు? యాభై రెండు సీట్లకు యాభై రెండు ఇసుక బస్తాలు. ఒక్కొక్కటి అరవై కిలోలు."

బస్తాలు వచ్చాయి. వాటి మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి, సీట్లలో కూర్చోబెట్టి తాళ్లతో కట్టారు. స్త్రీలకు కేటాయించిన సీట్ల సంగతి ఏమిటని ట్రాఫిక్ విభాగం ఒక లేఖ రాసింది. వాటిలో కూడా ఇసుకే అని హెడ్డాఫీసు స్పష్టం చేసింది. ఎనభై తొమ్మిదో రోజు పొద్దున్న బొద్దాంవలస బస్సు కదిలింది. రూటు బతికింది. పరిశీలకుడిగా నేను నోటుబుక్కుతో అప్పలసూరి పక్కన కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత నాకు నా మీద గౌరవం కలిగింది.

ఆ గౌరవం కల్వర్టు దాకా ఉంది. కల్వర్టు ఇవతల దాలమ్మ నెత్తిన బుట్టతో కుంటుకుంటూ ఎదురు నడిచి వస్తోంది. బస్సు చప్పుడు విని ఆగింది. మొహం విప్పారింది. చెయ్యెత్తింది. అప్పలసూరి బ్రేకు మీద కాలేశాడు.

"ఆపకు, ఎక్కించకూడదు," అన్నాను.

కానీ బస్సు ఆగిపోయింది. దాలమ్మ కిటికీల వెంట నడుచుకుంటూ ఒక్కొక్క సీటూ చూసింది. ప్రతి కిటికీ దగ్గరా ఒక బస్తా కూర్చుని ఉంది. చివరిదాకా చూసి నా కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిడకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఇసక ఎన్నేళ్లు అర్జీలెట్టినాది బాబూ?" అంది.

అప్పలసూరి ఇంజను ఆపి, స్టీరింగు మీద తలవంచుకున్నాడు. నేను లేచాను. తలుపు దగ్గరున్న బస్తా తాడు విప్పాను. పద్నాలుగో నెంబరు. ఎత్తబోతే నడుము పట్టేసింది. అప్పలసూరి వచ్చి రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరం దాన్ని దింపి, కల్వర్టు ముందున్న గుంతలోకి దొర్లించాం.

"ఎక్కమ్మా. తిరిగి వచ్చేప్పుడు బజారు దగ్గర దింపుతాం," అన్నాను.

"మరి మీ ఆపీసోలు?"

"అరవై కిలోలుండాలన్నారు. నువ్వూ బుట్టా కలిపి అరవై ఉంటారులే."

పది రోజుల్లో యాభై రెండు బస్తాలూ యాభై రెండు గుంతల్లోకి చేరాయి. ఆ రోడ్డు మీద బస్సు అంత సాఫీగా ఎన్నడూ నడవలేదని అప్పలసూరి అన్నాడు. సీట్లలో బొద్దాంవలసవాళ్లు కూర్చున్నారు. ఎవరైనా అడుగుతారేమోనని నేనే ఒక్కొక్కరికీ వాళ్ల బస్తా నెంబరు కంఠతా పట్టించాను. హెడ్డాఫీసుకు రోజూ నివేదిక పంపాను. 'బరువులు స్థిరముగా నున్నవి. భంగమైనదేమియు లేదు.' అందులో అబద్ధం లేదు.

నెల తిరిగేసరికి భంగ నివారణ సమితి నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ముందుగా చెప్పలేదు. రైతుబజారు దగ్గర బస్సు ఆగగానే చేతిలో అచ్చువేసిన ఫారంతో ఎక్కాడు. బస్సు నిండా మనుషులు, మనుషుల ఒళ్లో బుట్టలు, బుట్టల్లో వంకాయలు. ఒకామె ఒళ్లో పసిపిల్ల కూడా ఉంది.

అధికారి మనుషుల్ని చూశాడు, ఫారం చూశాడు. మళ్లీ మనుషుల్ని చూశాడు. ఫారంలో బస్తా నెంబరు, బస్తా స్థితి, చిరుగులు, ఈ మూడే గళ్లున్నాయి. మనుషులకు గడి లేదు. అతను జేబులోంచి పెన్ను తీశాడు. ముందు సీటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ, అడుగుతూ, రాసుకుంటూ వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తడబడలేదు. బస్సు ఉండాలంటే ఇలా ఉండాలి కాబోలని అందరూ ఒద్దికగా జవాబు చెప్పారు. దాలమ్మ దగ్గర ఆగాడు.

"ఎన్నో బస్తా?"

"పద్నాలుగు బాబూ," అంది దాలమ్మ, బుట్ట కాస్త దగ్గరగా లాక్కుని.

"స్థితి?"

"బాగున్నాను."

"చిరుగులేమైనా ఉన్నాయా?"

దాలమ్మ తల వంచి చూసుకుంది. చీర అంచు దగ్గర జానెడు చిరుగు కనిపిస్తే, దాన్ని గబగబా పిడికిట్లోకి మడిచి పట్టుకుంది.

"ఒకటున్నాది బాబూ," అంది భయంభయంగా. "రేపటికి కుట్టీసుకుంటాను. బస్సు మాత్రం తియ్యకండి."

నేను తలెత్తి ఆవిడ వంక చూడలేకపోయాను. అతను తన పని తాను చేసుకున్నాడు. పద్నాలుగు, ఒక చిరుగు, బాగుచేయించవలెను అని రాసుకుని, పదిహేనో సీటు దగ్గరికి వెళ్లాడు.